చివరి నాలుగు దెబ్బలు

"నా చీటీ మీద నీకంత అనుమానమైతే నువ్వే కట్టుకో వదినా. నేను గల్లాపెట్టె దగ్గర కూర్చుని పాటలు వింటా," అన్నాడు మరిది, పొద్దున్నించి మూడోసారి.

"అనుమానం నీ మీద కాదు, పిస్తోలు మీద," అంది ఆమె కూడా మూడోసారి. టీ వడకడుతూ వెనక్కి తిరగలేదు.

"నేను ఖాళీ అని రాశాక మళ్లీ తెరిచి చూశావంటే దాని అర్థమేంటి? నేను కళ్లు మూసుకుని రాశాననేగా?"

"కళ్లు తెరిచే రాశావు. పిస్తోలే తెరవలేదు."

అత్తగారు కూరగాయల పీట ముందు నుంచి తలెత్తింది. "తెల్లారిందో లేదో తుపాకుల గొడవేనా ఈ ఇంట్లో? అమ్మాయ్, వాడు చూశానంటున్నాడుగా. కందకు లేని దురద కత్తిపీటకెందుకు?"

కత్తిపీట ఎవరో ఆమెకు అర్థమైంది. గ్లాసులు నాలుగూ బల్ల మీద పెట్టింది. చప్పుడు కాకుండా పెట్టడానికి కొంచెం కష్టపడాల్సొచ్చింది.

కింద తుపాకులు బాగుచేసే షాపు, పైన ఇల్లు. షాపులో ఒక పద్ధతి ఉంది. బాగుకి వచ్చిన పిస్తోలుని ఎవరు చేతికి తీసుకుంటారో వాళ్లే తూటాలుండే మ్యాగజైన్ తీసి, పైనుండే స్లైడు వెనక్కి లాగి, తూటా కూర్చునే గదిలో కన్నూ వేలూ రెండూ పెట్టి చూసి, "ఖాళీ" అని చీటీ రాసి, కింద పొడి సంతకం పెట్టి, ట్రిగ్గర్ చుట్టూ ఉండే కమ్మీకి దారంతో కట్టాలి. ఒకసారి చీటీ కట్టాక ఇంకొకరు తెరిచి చూడకూడదు. చూస్తే చీటీ కట్టినవాణ్ణి అబద్ధాలకోరు అన్నట్టే. ఈ పద్ధతి మామగారికి ఆయన గురువు చెప్పింది. ఆయన చెయ్యి కట్టిన చీటీని ఎవరూ ఎప్పుడూ అనుమానించలేదు, అనుమానించాల్సిన అవసరమూ రాలేదు. ఇప్పుడు ఆయన కళ్లలో పొరలొచ్చాయి. చీటీలు చిన్నకొడుకు కడుతున్నాడు. పద్ధతి మాత్రం అలాగే ఉంది.

మామగారు టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని అన్నారు. "ఒక చేతి మీద ఇంకో చేతికి నమ్మకం లేకపోతే షాపు నడవదమ్మాయ్. నిన్న నువ్వు ఆ పిస్తోలు తెరవడం నేను చూశాను. చూసీ ఊరుకున్నాను."

"సరే మామయ్యా."

ఆమె భర్త ఇళ్లిళ్లూ తిరిగి కరెంటు మీటర్లు చూసే ఉద్యోగి. అతను చెప్పులు వేసుకుంటూ, "గురువారం ఆఫీసర్ వచ్చేదాకా కాస్త అందరూ శాంతంగా ఉండండి," అన్నాడు, గాల్లోకి. అది ఎవరి కోసం అన్నాడో గోడ మీది గడియారానికి కూడా తెలుసు.

గురువారం లైసెన్సు ఆఫీసు నుంచి మనిషి వస్తాడు. మామగారి చూపు తగ్గింది కాబట్టి లైసెన్సులో ఆయన పక్కన రెండో పేరు చేర్చాలి. ఆ రెండో మనిషి ఆఫీసర్ ముందు ఒక పని చేసి చూపించాలి. ఫారం నెల రోజులుగా మామగారి సొరుగులో ఉంది. రెండో పేరు దగ్గర గీత ఖాళీగా ఉంది. ఆ గీతను ఆమె ఎన్నిసార్లు చూసిందో ఎవరికీ చెప్పలేదు. అక్కడ తన పేరు తప్ప ఇంకొకటి పట్టదనుకుంది. బల్ల మీద పనంతా చేసేది ఆమె. విప్పేది, తోమేది, స్ప్రింగులు మార్చేది, గొట్టంలో ఇరుక్కున్న గుండు తీసేది. మరిదికి మాట తీరు బాగుంటుంది, మనుషులతో నవ్వుతాడు, పాత బాకీలు కూడా నవ్వుతూనే రాబడతాడు. సుత్తి మాత్రం పట్టుకోవడం రాదు.

*

పదకొండింటికి గోడౌన్ల యజమాని ఒకాయన వచ్చాడు. బొజ్జా, ఉంగరాలూ, వెనక డ్రైవరూ. పిస్తోలు రుమాల్లో చుట్టి తెచ్చాడు.

"నిన్న తోటలో గురి చూసుకుంటున్నా. రెండు బాగానే పేలాయి. మూడోది తుస్సుమంది. పెద్ద చప్పుడు లేదు, చెయ్యి కూడా అదరలేదు. గురి పెట్టిన డబ్బాకి దెబ్బా తగల్లేదు. మా బావమరిది, ఆపు బావా, గుండు గొట్టంలోనే ఉండిపోయుంటుంది, ఇంకోటి పేల్చావంటే చెయ్యి పోతుంది అన్నాడు. వాడొట్టి పిరికివాడు. సర్లే, ఎందుకొచ్చిందని తెచ్చా."

"మంచి పని చేశారు సార్," అన్నాడు మరిది. "కూర్చోండి. మ్యాగజైన్ తీశారా?"

"తీశా. ఇదిగో, ఈ జేబులో ఉంది."

మరిది నవ్వాడు. చీటీ అందుకున్నాడు. "ఖాళీ" అని రాశాడు, పొడి సంతకం గిలికాడు, దారం ముడి వేశాడు. స్లైడు లాగలేదు. మాట్లాడుతూనే చేశాడు, ఉత్తరం మీద స్టాంపు అతికించినట్టు. పిస్తోలుని రేకు పళ్లెంలో పెట్టి ఆమె బల్ల మీదికి తోశాడు.

"అమ్మాయ్, కాసిని మంచినీళ్లు," అన్నాడు యజమాని ఆమె వైపు చూడకుండా.

ఆమె లేవలేదు. పళ్లెంలో పిస్తోలుని చూస్తూ ఉండిపోయింది. ఆ రకం పిస్తోలుని ఆమె వందసార్లు విప్పింది. విప్పాలంటే ముందు ట్రిగ్గర్ నొక్కాలి, అప్పుడే స్లైడు ఊడి వస్తుంది. అంటే చీటీని నమ్మినవాళ్లు మొట్టమొదట చేసే పని ట్రిగ్గర్ నొక్కడం.

బల్ల పక్కన ఇసుక నింపిన పెట్టె ఉంది. ఆమె పిస్తోలు మూతిని అందులోకి పెట్టి, ట్రిగ్గరుకి దూరంగా వేలు చాచి ఉంచి, ఎడమ చేత్తో స్లైడు పట్టుకుంది.

"వదినా. చీటీ కట్టాను," అన్నాడు మరిది. గొంతులో నవ్వుంది గాని కళ్లలో లేదు.

"అమ్మాయ్," అన్నారు మామగారు తన కుర్చీలోంచి.

ఆమె చెయ్యి ఒక్క క్షణం ఆగింది. ఆ క్షణం ఆగినందుకు తన మీద తనకు తర్వాత చాలాసేపు కోపంగా ఉంది. ఆ తర్వాత లాగింది.

తూటా ఒకటి బయటికి గెంతి ఇసుకలో పడింది. పేలని తూటా. పసుపుపచ్చగా, శుభ్రంగా, అప్పుడే పెట్టెలోంచి తీసినట్టుంది.

డ్రైవరు ఒక అడుగు వెనక్కి వేశాడు.

"ఇదెక్కడిది?" అన్నాడు యజమాని. "మ్యాగజైన్ తీసేశాగా."

"మూడోది తుస్సుమన్నాక స్లైడు చేత్తో లాగారా?"

"లాగా. బిగుసుకుందేమోనని."

"అప్పుడే ఇంకో తూటా లోపలికెక్కింది. మ్యాగజైన్ తర్వాత తీశారు. మ్యాగజైన్ తీస్తే దాన్లోవే బయటికొస్తాయండీ, గదిలో ఉన్నది రాదు. ముందు ఇరుక్కున్న గుండు, వెనక బతికున్న తూటా. విప్పుదామని నేను ట్రిగ్గర్ నొక్కి ఉంటే..."

"అమ్మాయ్," అన్నారు మామగారు మళ్లీ. ఈసారి గట్టిగా. "మంచినీళ్లు అడిగారు."

ఆమె తూటాని రెండు వేళ్లతో తీసి ఇనప పెట్టెలో పెట్టి తాళం వేసింది. స్లైడుని వెనక్కి బిగించి, గదిలోకి దీపం వేసి చూసింది, చిటికెన వేలు పెట్టి చూసింది. మరిది రాసిన చీటీని దారం తెంపి తీసింది. చించలేదు. మడిచి తన నడుము సంచిలో పెట్టుకుంది. అప్పుడు లేచి మంచినీళ్లు తెచ్చింది.

యజమాని నీళ్లు తాగి, మూతి తుడుచుకుని, మామగారితో అన్నాడు. "మీవాడు చూసుకుంటాడుగా? గొట్టం పాడవకూడదు. ఖరీదైంది."

"వాడే చూసుకుంటాడు. మీరు నిశ్చింతగా ఉండండి."

ఆయన వెళ్లాక మామగారు కొడుకుతో ఒక్క మాటన్నారు. "ఇకనుంచి చూసి కట్టరా."

"అలాగే నాన్నా."

తర్వాత కుర్చీ ఆమె వైపు జరుపుకున్నారు. బాగుకి తెచ్చినవాడి ముందు షాపు పరువు తీయకూడదన్నారు. లోపలికి తీసుకెళ్లి తలుపేసుకుని చూసుకోవచ్చుగా అన్నారు. ఊరంతా చెప్పుకుంటే రేపు ఎవరొస్తారన్నారు. గురువారం ఇంకా రెండు రోజులే ఉందన్నారు. ఆయన గొంతు పెంచలేదు. ఆయన ఎప్పుడూ పెంచరు, ఎదురుచెప్పడానికి వీలివ్వని గొంతు అది. మాట్లాడుతున్నంతసేపూ ఆయన మొహం తూటా పెట్టిన ఇనప పెట్టె వైపే తిరిగి ఉంది. ఆయనకు తెలుసని అది చూస్తే ఆమెకు అర్థమైంది. ఏం జరగబోయి తప్పిందో ఆ షాపులో ఆయనకన్నా బాగా తెలిసినవాళ్లు లేరు. తెలిసీ ఇలా మాట్లాడుతున్నారు. ఆమెకు ఒళ్లు మండింది.

*

స్లైడు ఊడదీసి గొట్టాన్ని వేరుచేసింది. గొట్టం వెనక వైపు నుంచి దీపానికెత్తి చూస్తే వెలుతురు రాలేదు, నల్లగా ఉంది. సన్నని పుల్ల వెనక నుంచి ఒకసారి, ముందు నుంచి ఒకసారి దూర్చి, గోటితో గుర్తు పెట్టుకుని కొలిచింది. తూటా గది దాటి రెండు వేళ్ల దూరంలో ఉంది గుండు. రెండు వైపుల నుంచీ నాలుగేసి చుక్కలు పలచటి నూనె పోసి, గొట్టాన్ని గుడ్డలో నిలబెట్టి, మర్నాటిదాకా వదిలేసింది. తొందరపడితే గుండు రాదు, గొట్టం పోతుంది. ఆ మాట మామగారిదే. ఇలాంటి మాటలు ఆయన దగ్గర చాలా నేర్చుకుంది. అందుకే ఆయన మీద కోపం రావడం కష్టంగా ఉండేది. ఈ రెండు రోజుల్లో అది సులువైంది.

బుధవారం మధ్యాహ్నం గొట్టాన్ని వైసులో బిగించింది. వైసు దవడలకి రెండు వైపులా తోలు ముక్కలు పెట్టింది. ఇనప కడ్డీ పనికిరాదు, గుండుని తిప్పడానికి గొట్టం లోపల చెక్కిన గాళ్లు గీసుకుపోతాయి. గుండ్రంగా తిరుగుతూ తొలిచే బరమాతో గుండుని తొలిచేద్దామనుకునే తెలివైనవాళ్లూ ఉంటారు. అలాంటి గొట్టాలు ఆమె దగ్గరికి మూడొచ్చాయి, మూడూ పాతసామాన్లకే వెళ్లాయి. ఇత్తడి కడ్డీల్లో గొట్టానికి సరిగ్గా పట్టేది ఎంచుకుంది. సన్నగా ఉంటే వంగి పక్కకి తన్నుతుంది. గుండు వెనక భాగం చదునుగా ఉంటుంది కాబట్టి వెనక నుంచే కడ్డీ పెట్టింది. చిన్న సుత్తితో కొట్టడం మొదలుపెట్టింది.

దెబ్బ గట్టిగా ఉండకూడదు. ఒకే బరువుతో, ఒకే తీరున పడాలి. మొదటి పది దెబ్బలకి ఏమీ కాదు. కడ్డీ సుత్తికి ఎదురుతన్నినట్టుంటుంది. పదకొండోదానికో పన్నెండోదానికో చప్పుడు మారుతుంది. ఆ మార్పు చెవికి కాదు, మణికట్టుకి తెలుస్తుంది. తెలిసింది. గుండు కదిలింది.

మామగారు కుర్చీలోంచి ముందుకి వంగి వింటున్నారు. కళ్లు కనబడకపోయినా ఆయన చెవికి తెలిసిపోయింది.

"కదిలింది," అన్నారు.

"కదిలింది మామయ్యా."

"అంతా తీసెయ్యకు."

ఆమె సుత్తి ఆపింది.

"రేపు ఆఫీసర్ వస్తాడు. పని చూపించమంటాడు. గుండు మూతి దగ్గరికి తెచ్చి ఆపు. చివరి నాలుగు దెబ్బలుంచు. మనవాడు కొడతాడు."

వాడు గల్లాపెట్టె దగ్గర ఫోనులో ఎవరితోనో నవ్వుతున్నాడు.

"రెండో పేరు వాడిదా మామయ్యా?"

"ఇంకెవరిది?" అన్నారాయన. నిజంగానే ఆశ్చర్యపోయారు. "పని నీదేనమ్మా, కాదన్నానా? కానీ శంఖంలో పోస్తేగాని తీర్థం కాదు. ముందు కూర్చునేవాడు వాడు. షాపుకి ఇంటిపేరు ఉండాలిగా."

"నాదీ అదే ఇంటిపేరు."

ఆయన కుర్చీలో వెనక్కి వాలారు. "నువ్వెలాగూ లోపల ఉంటావుగా," అన్నారు, ఓదారుస్తున్నట్టు.

ఆమె సుత్తి ఎత్తింది. ఒకటి, రెండు, మూడు. గుండు గాళ్లలో మెల్లిగా తిరుగుతూ ముందుకి జరుగుతోంది. కడ్డీ మీద గుర్తు చూసుకుంటూ కొట్టింది. ఇంకా నాలుగు దెబ్బలు మిగిలాయనగా ఆగింది. సరిగ్గా నాలుగు. ఎక్కువ ఉంచితే మరిది వల్ల కాదు, తక్కువ ఉంచితే ఈలోపే ఊడి పడొచ్చు. ఆ లెక్క వెయ్యగలిగేది ఆ ఇంట్లో ఆమె ఒక్కతే. ఆ పనితనం ఎందుకు వాడుతోందో తలుచుకుంటే గొట్టం తీసి వీధిలోకి విసరాలనిపించింది. విసరలేదు. గుడ్డ కప్పింది.

సాయంత్రం భర్త బట్టలు మార్చుకుంటుంటే చెప్పింది, తూటా సంగతీ, నాలుగు దెబ్బల సంగతీ.

"ఎవరి పేరైతే ఏంటే? ఇంట్లోనేగా ఉంటుంది," అన్నాడతను.

"మీరు ఎండలో తిరిగి మీటర్లు రాసుకొస్తారుగా. ఆ లెక్క కింద పక్కింటాయన చేత సంతకం పెట్టించి ఇవ్వండి రేపు. ఊళ్లోనేగా ఉంటుంది."

అతను నవ్వాడు. ఆమె నవ్వకపోయేసరికి ఆపేశాడు. "నాన్నతో ఇప్పుడేం మాట్లాడతాం? గురువారం గడవనీ."

"తూటా పేలి ఉంటే ఏ వారం గడిచేది?"

అతను చొక్కా కొక్కేనికి తగిలించి, మళ్లీ తీసి, మళ్లీ తగిలించాడు.

*

ఆఫీసర్ పద్ధతైన మనిషి. చెప్పిన టైముకి వచ్చాడు, చెప్పులు బయట విడిచాడు, మామగారికి చెయ్యి కలిపాడు. మరిది ఇస్త్రీ చొక్కా మీద ఆమె తోలు గుడ్డ కట్టుకున్నాడు. అది అతనికి పొట్టిగా ఉంది, నూనె మరకలు మాత్రం అతనికి సరిగ్గా సరిపోయినట్టే కనబడ్డాయి. అత్తగారికి మోకాళ్ల నొప్పి, మెట్లు దిగలేదు. కాబట్టి టీ ఆమే తెచ్చింది.

"గొట్టంలో గుండు ఇరుక్కుంది. ముందుగా ఏం చేస్తారు?" అడిగాడు ఆఫీసర్.

"ముందు... ఖాళీయో కాదో చూస్తాం సార్."

"ఎలా?"

మరిది తడుముకోలేదు. "చీటీ ఉంటుంది సార్. మా షాపులో చీటీ లేకుండా పిస్తోలు బల్లెక్కదు." పళ్లెంలో పిస్తోలుకి కొత్త చీటీ కట్టి ఉంది. పొద్దున్నే రాశాడు.

ఆఫీసర్ చీటీ తిప్పి చూశాడు, మెచ్చుకోలుగా తలూపాడు, కాగితం మీద ఏదో టిక్కు పెట్టాడు. "చాలాచోట్ల ఈ పద్ధతి కూడా ఉండదు," అన్నాడు.

ఆమె ట్రే పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడింది. నడుము సంచిలో మొన్నటి చీటీ ఉంది. అదే అక్షరాలు, అదే గిలుకుడు.

మరిది వైసులోని గొట్టంలో ఇత్తడి కడ్డీ పెట్టాడు. సుత్తి పిడిని కొసన కాకుండా మధ్యలో పట్టుకున్నాడు. ఒకటి. ఆఫీసర్ వంగి చూశాడు. రెండు. మామగారి పెదాలు లోపల్లోపల లెక్కపెడుతున్నాయి. మూడు. ఆమెకు తన మణికట్టు దానంతటదే కదిలినట్టనిపించింది. నాలుగు. గుండు టక్కుమని పళ్లెంలో పడింది, కొంచెం దొర్లి ఆగింది.

"శభాష్," అన్నాడు ఆఫీసర్. "చెయ్యి తేలిగ్గా ఉందయ్యా."

"నాన్నగారి దగ్గర నేర్చుకున్నాను సార్."

టీ అందుకుంటూ ఆఫీసర్ ఆమె వేళ్లు చూశాడు. గోళ్లలో నల్లటి నూనె చేరి ఉంది, ఎంత తోమినా పోదు. "మీరు కూడా ఇక్కడ పని చేస్తారా అమ్మా?"

ఆమె నోరు తెరిచింది.

"తుడవడం, సర్దడం," అన్నారు మామగారు. "ఇంటి ఆడవాళ్లు ఊరికే ఉండలేరుగా."

ఆఫీసర్ నవ్వాడు. ఆమె నోరు మూసుకుంది. ట్రే పట్టుకుని పైకి వచ్చేసింది. మెట్ల మధ్యలో నిలబడి ఊపిరి తీసుకుంది. మామగారి మీద కోపం ఒక ఎత్తు, ఆ ఆఫీసర్ మీద ఒక ఎత్తు. నోరు తెరిచీ మూసుకున్నందుకు తన మీద తనకొచ్చిన కోపం ముందు ఆ రెండూ చిన్నవిగా కనబడ్డాయి.

కింద ఆఫీసర్ చెబుతున్నది వినిపించింది. "సోమవారం ఆర్డర్ తయారవుతుంది. ఆఫీసుకొచ్చి తీసుకెళ్లండి."

ఆయన వెళ్లాక దిగొచ్చి, గొట్టాన్ని నూనె గుడ్డతో తుడిచి, కిటికీ వెలుతురికి పెట్టి చూసింది. లోపల గాళ్లు మెరుస్తూ తిరుగుతున్నాయి. గొట్టం ఉబ్బితే లోపల నల్లటి ఉంగరం లాంటి గీత కనబడుతుంది. కనబడలేదు. ఆ బావమరిది ఎవరో గాని, ఆ పిరికివాడి వల్ల గొట్టమూ మిగిలింది, యజమాని ఉంగరాల చెయ్యీ మిగిలింది.

*

శుక్రవారం మధ్యాహ్నం ఒక గిడ్డంగి కాపలాదారు తన పిస్తోలు తెచ్చాడు. ట్రిగ్గర్ పట్టేస్తోందట. మరిది చెవికీ భుజానికీ మధ్య ఫోను ఇరికించుకుని ఉన్నాడు. స్నేహితులెవరో అభినందిస్తున్నారు. "ఆఁ, అయిపోయినట్టే, సోమవారం చేతికొస్తుంది," అంటూ పిస్తోలు అందుకున్నాడు, మ్యాగజైన్ తీసి పక్కన పెట్టాడు, చీటీ రాశాడు, కట్టాడు, పళ్లెం తోశాడు.

స్లైడు లాగలేదు.

ఆమె పళ్లెం వైపు చూసింది, అతని వైపు చూసింది. మూడు రోజులు. ఇసుకలో తూటా పడి మూడు రోజులే అయింది.

పిస్తోలు తీసుకుని, మూతి ఇసుక పెట్టెలో పెట్టి, లాగింది. గది ఖాళీ. దీపం వేసింది, ఖాళీ. వేలు పెట్టింది, ఖాళీయే.

మరిది ఫోను దించాడు. "చూశావా?" అన్నాడు. ఈసారి నిజంగానే నవ్వాడు. "ఖాళీయేగా. ఊరికే ఆయాసపడతావు వదినా."

తూటా ఉండి ఉంటే బహుశా ఇంత కోపం వచ్చేది కాదు. ఉంటే అతను భయపడేవాడు, ఆమె అరిచేది, ఏదో ఒకటి జరిగేది. ఖాళీగా ఉండడం వల్ల అతని దృష్టిలో అతనిదే ఒప్పయింది. ఇలాగే ఇంకో పదిసార్లు ఖాళీగా ఉంటుంది, ఇంకో యాభైసార్లు ఉంటుంది. సోమవారం తర్వాత ఆ గిలుకుడు సంతకానికి ప్రభుత్వ ముద్ర కూడా తోడవుతుంది. తను వెనక కూర్చుని ప్రతిదాన్నీ దొంగతనంగా తెరిచి చూసుకుంటూ ఉండాలి, అతని పరువు పోకుండా.

"మంగళవారం గుర్తుందా?" అని అడిగింది.

"అబ్బ, అదొక్కసారి."

"ఆ ఒక్కసారి నా చేతిలో ఉంది."

"ఏం కాలేదుగా వదినా. కానిదానికి ఎన్నాళ్లు పాడుతావు?"

ఆమె మామగారి వైపు చూసింది. ఆయన మేలుకునే ఉన్నారు. అంతా విన్నారు. స్లైడు చప్పుడు ఎన్నిసార్లు వినబడిందో, ఎవరి చేతిలో వినబడిందో ఆ చెవులకు తెలియకుండా ఉండదు. ఆయన తల కిటికీ వైపు తిప్పుకున్నారు.

ఆమె కాపలాదారు పిస్తోలు బాగుచేసింది. స్ప్రింగులో మట్టి చేరింది, అంతే. తుడిచి, చుక్క నూనె వేసి, పదిసార్లు ఆడించి ఇచ్చింది. అతను చేతులు జోడించి, మరిదికి థాంక్స్ చెప్పి వెళ్లిపోయాడు. ఆమె సుత్తులు, కడ్డీలు, బ్రష్షులు గుడ్డతో తుడిచి వరసలో పెట్టింది. మామూలుగా వారానికొకసారి చేసే పని అది. ఆ రోజు ఒక్కొక్కటీ రెండుసార్లు తుడిచింది.

*

చిన్నకొడుకు పేరు లైసెన్సులో ఎక్కుతున్నందుకు అత్తగారు ఆ రాత్రి భోజనంలో ఒక కూర ఎక్కువ చేసింది. అందరూ బల్ల చుట్టూ కూర్చున్నారు. మరిది సోమవారం ఆఫీసుకి ఏ చొక్కా వేసుకెళ్లాలో అడుగుతున్నాడు. షాపు బోర్డు మీద తండ్రి పేరు కింద తన పేరు ఏ రంగులో రాయించాలో కూడా ఆలోచించాడట.

"ఎర్రరంగు వద్దురా, వానకి వెలిసిపోతుంది," అంది అత్తగారు. "అమ్మాయ్, నువ్వూ కూర్చో. ఎంతసేపు నిలబడతావు?"

ఆమె కూర్చుంది. కంచంలో వడ్డించుకోలేదు.

"రేపు పొద్దున నేను లైసెన్సు ఆఫీసుకి వెళ్తున్నాను," అంది.

"ఆర్డర్ సోమవారం కదా వదినా. రేపెళ్లినా ఇవ్వరు."

"ఆర్డర్ కోసం కాదు. ఆ గుండు తీసింది నేనని రాసివ్వడానికి. బుధవారం మధ్యాహ్నం మూతిదాకా తెచ్చింది నేను, గురువారం నాలుగు దెబ్బలు కొట్టింది నువ్వు అని. మంగళవారం ఖాళీ అని చీటీ కట్టిన పిస్తోల్లో తూటా ఉందని కూడా రాస్తాను. చీటీ నా దగ్గరే ఉంది."

మరిది నోట్లో ముద్ద అలాగే ఆగిపోయింది. మామగారు కంచంలోంచి చెయ్యి తీశారు.

"తూటా ఏంటి?" అంది అత్తగారు.

ఆవిడ భర్త మొహం చూసింది, చిన్నకొడుకు మొహం చూసింది, చివరికి కోడలి వైపు తిరిగింది. "ఎందులో ఉంది తూటా?"

"గోడౌన్ల ఆయన పిస్తోల్లో అత్తయ్యా. విప్పాలంటే ముందు ట్రిగ్గర్ నొక్కాలి. చీటీ ఉంటే తెరిచి చూడకుండా నొక్కాలన్నది మన పద్ధతి. నేను నొక్కలేదు."

"నాకెవరూ చెప్పలేదే," అంది అత్తగారు. మెల్లిగా అంది. గరిట గిన్నెలో పెట్టేసింది. మూడు రోజుల కిందట కత్తిపీట సామెత చెప్పిన మనిషి ఇప్పుడు మొగుడి వైపే చూస్తూ ఉండిపోయింది, ఆయనకు ఆ చూపు కనబడుతుందో లేదో గాని.

మామగారు గొంతు సవరించుకున్నారు. "లైసెన్సు ఆపేస్తారమ్మాయ్. షాపు మూతపడుతుంది. నలభై ఏళ్ల షాపు."

"ఆపితే ఆపనివ్వండి మామయ్యా. మళ్లీ చూడడానికి వస్తారు. ఈసారి నేను చేసి చూపిస్తాను. రెండో పేరుకి నా ఫారం నేనే పెడుతున్నాను. మీరు నేర్పిన పనే. మీ పక్కన కూర్చునే చేస్తాను, మీరు ఒప్పుకుంటే. ఒప్పుకోకపోతే ఇంకెక్కడైనా చేస్తాను. వేరేవాళ్ల చీటీ నమ్మి మాత్రం ఇక బల్ల ముందు కూర్చోను."

"నీ మీదే రాస్తారు వదినా," అన్నాడు మరిది. గొంతులో బెదిరింపు కన్నా భయమే ఎక్కువ వినిపించింది. "ఆఫీసర్‌ని మోసం చేసినదాంట్లో నీ చెయ్యీ ఉంది. నీ పేరు కూడా రాస్తారు."

"రాయనీ. నా పేరు రాయడం ఎక్కడో ఒకచోట మొదలవ్వాలిగా."

భర్త ఇంతసేపూ కంచం అంచు మీద వేలు తిప్పుతున్నాడు. తండ్రి ఏమంటారోనని చూశాడు. ఆయన మంచినీళ్ల గ్లాసు కోసం బల్ల మీద తడుముకుంటున్నారు.

"చెప్పకుండా వెళ్లొచ్చు," అంది ఆమె. "అలా వెళ్లడం ఇష్టం లేక చెబుతున్నాను. ఆఫీసు పదింటికి తెరుస్తారు. తొమ్మిదిన్నరకి బయల్దేరతాను."

అత్తగారు లేచి, ఖాళీగా ఉన్న కంచం ఆమె ముందుకి జరిపి, అన్నం పెట్టింది.